వేట సీజన్ చివర్లో జింక కనిపించడం లేదా? మంచె ఎక్కే దారి సరే, దిగే దారి చూశారా?

డిసెంబర్ మూడో వారం వచ్చేసరికి ఇల్లినాయ్, అయోవా, ఒహాయో వైపు వేటకెళ్ళే వాళ్ళందరిదీ ఒకటే గోడు: నవంబర్‌లో పట్టపగలు తిరిగిన జింకలు ఇప్పుడేమైపోయాయి? ఎక్కడికీ పోలేదు. పొద్దుగూకాక అదే చేలో మేస్తున్నాయి. మీరు చూడగలిగే వెలుతురులో ఎందుకు రావడం లేదన్నదే తేల్చుకోవాలి.

గాలివాటం చూడటం, గురి, మంచె మీంచి పడకుండా హార్నెస్ కట్టుకోవడం లాంటివి మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఇది అమెరికా మిడ్‌వెస్ట్ పొలాల్లోని వైట్‌టెయిల్ జింకల సంగతి, లైసెన్సూ ట్యాగూ (జింకను కొట్టడానికి ఇచ్చే అనుమతి చీటీ) ఉన్నవాళ్ళ కోసం. మన దేశంలో అడవి జింకను వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, కాబట్టి ఇదంతా అక్కడికి పనికొచ్చేది కాదు. హెచ్-1బీ, స్టూడెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టడానికి ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. జనవరిలో బయల్దేరే ముందు ఆ లైసెన్సు గడువు తేదీ ఒకసారి చూసుకోండి.

లక్షణం: నవంబర్‌లో బాగా నడిచిన మంచె దగ్గర ఇప్పుడు ఒక్క జింకా లేదు

కారణం: ఎద అయిపోయింది. అప్పుడు మగజింక ఆడజింక వెంట పడి తిరిగింది, ఇప్పుడు కడుపు వెంట తిరుగుతోంది. ఎద నెలలో దాని బరువులో ఐదో వంతు నుంచి పావు వంతు దాకా కరిగిపోతుంది. మిగిలిన కొవ్వుతో మార్చి దాకా నెట్టుకురావాలి కాబట్టి ఒక్క అడుగు కూడా ఊరికే వేయదు. నేల గీకిన గుర్తులు, చెట్టుకు కొమ్ములు రుద్దిన గుర్తులు చూసి కట్టిన మంచె ఇప్పుడు ఉత్త చెక్కే.

పరిష్కారం: ఈ వారం, ఈ చేలో తిండి ఉందా లేదా అన్నది చూడండి. ఎంత చెప్పినా జనం వదిలేసేది ఇదే. మొక్కజొన్న కోసిన చేను అనగానే గింజలు రాలి ఉంటాయనుకుంటారు. రైతు కోత తర్వాత చిజిల్ ప్లౌ వేసి దున్నేసి ఉంటే ఆ గింజలు మట్టి కిందకి పోయినట్టే, ఆ చేను మీకు లేనట్టే లెక్క. దున్నకుండా కొయ్యకాళ్ళు వదిలేసిన చేను అయితే పనికొస్తుంది. కోయకుండా నిలబడి ఉన్న సోయాబీన్, మొక్కజొన్న దొరికితే అంతకన్నా కావలసింది లేదు, ఎందుకంటే మంచు పడ్డా కాయ పైనే ఉంటుంది. వైట్ ఓక్ కాయలు అక్టోబర్‌లోనే అయిపోతాయి, రెడ్ ఓక్ కాయలు వగరు ఎక్కువ కాబట్టి ఇప్పటిదాకా మిగులుతాయి. ఆకుల మీద మంచు తవ్విన గుంటలు కనబడితే అక్కడ అవి ఉన్నట్టే. టర్నిప్ వేసిన చోట దుంప సగం కొరికి ఉందేమో చూడండి.

ఇవన్నీ చూడటానికి చేలోకి నడవకండి. సాయంత్రం చివరి గంటలో రోడ్డు మీద కారులోంచి బైనాక్యులర్‌తో చూస్తే చాలు. అవి ఏ మూల నుంచి దిగుతున్నాయో కూడా తెలుస్తుంది.

నవంబర్‌లో చూలు నిలవని ఆడజింకలు సుమారు 28 రోజులకు మళ్ళీ ఎదకొస్తాయి, ఆ ఏడు పుట్టి బాగా మేసిన ఆడ జింకపిల్లలు కూడా డిసెంబర్‌లో ఎదకొస్తాయి. అది నిజమే. దాన్ని నమ్ముకుని మాత్రం చోటు ఎంచుకోకండి. వచ్చినా ఆ ఆడజింక మేసే చోటికే వస్తుంది.

లక్షణం: చేలో అడుగులే అడుగులు, చెట్టుకు కట్టిన ట్రెయిల్ కెమెరాలో ఫొటోలే ఫొటోలు, అన్నీ చీకట్లోనే

"రాత్రి తిరుగుళ్ళకి అలవాటు పడిపోయాయి" అని చేతులెత్తేసేది ఇక్కడే. ఆగండి, ముందు కెమెరా గడియారం చూడండి. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి పెట్టుకున్నాం. సిగ్నల్‌తో నడవని పాత కెమెరాల్లో మనమే మార్చాలి, ఎవరూ మార్చరు. దానిలో 5:20 అని ఉంటే నిజంగా అయింది 4:20. డిసెంబర్ చివర్లో ఇల్లినాయ్‌లో పొద్దు గుంకేది నాలుగున్నర ప్రాంతంలో, అక్కడ చట్టం ఒప్పుకునే కాల్పుల వేళ సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా ఉంటుంది. అంటే మీరు చీకటి అనుకున్న జింక పగలే వచ్చింది. ఆల్కలైన్ బ్యాటరీలు చలికి చచ్చుబడి ఫొటోలు తప్పిపోతుంటాయి, లీథియం వేయండి.

గడియారం సరిగ్గానే ఉందా? అయితే ఒక పోలిక చేయండి. మీరు కూర్చున్న సాయంత్రానికి ముందు మూడు రోజులు మొదటి జింక ఎన్నింటికి వచ్చింది, మీరు కూర్చున్న తర్వాత మూడు రోజులు ఎన్నింటికి వచ్చింది? 4:25 కాస్తా 6:10కి జారిందంటే కారణం మీరే. వారం పాటు ఎవరూ అడుగుపెట్టకపోయినా 6:10 దగ్గరే ఉందంటే అవి పడుకునే చోటు దూరం, లేదా పక్క పొలంలో ఎవరో వాటిని కదుపుతున్నారు.

"నేను కూర్చున్నప్పుడు ఒక్కటీ నన్ను చూడలేదు, వాసనా పట్టలేదు" అంటారు. నిజమే కావచ్చు. వ్యవహారం చెడేది కూర్చున్నప్పుడు కాదు, దిగేటప్పుడు. కాల్పుల వేళ ముగిసేసరికి చేలో పది పదిహేను జింకలు మేస్తుంటాయి. మీరు మంచె దిగుతారు, నిచ్చెన ఒకసారి కిర్రుమంటుంది, అంచు వెంట కారు దాకా నడుస్తారు. తోకలు లేపి అన్నీ పరుగు. మీకది పెద్ద విషయంగా అనిపించదు, వేట ఎలాగూ అయిపోయింది కదా అనుకుంటారు. నవంబర్‌లో అయితే మగజింక మర్నాటికి మర్చిపోయేది. ఇప్పుడు ఆ చేలోకి వచ్చేది తల్లులు, పిల్లలు కలిసిన గుంపు, ముందు నడిచేది ముసలి ఆడజింక. రెండుసార్లు అలా బెదిరిందంటే వెలుతురు పూర్తిగా పోయేదాకా అది చెట్ల చాటునే నిలబడుతుంది. అది కదలకపోతే వెనకున్నవి కదలవు. అన్నిటికన్నా వెనక వచ్చే పెద్ద మగజింక సంగతి చెప్పనే అక్కర్లేదు.

పరిష్కారం మంచె కట్టకముందే మొదలవ్వాలి. చీకటి పడింది, చేను నిండా జింకలున్నాయి, కారు దాకా ఎలా వెళ్తాను? దీనికి జవాబు లేని చోటు సాయంత్రం కూర్చునే చోటు కాదు, ఎన్ని అడుగుల గుర్తులున్నా సరే.

జవాబు దొరికే దారులు మూడు నాలుగు ఉన్నాయి. పొలం పక్కన వాగో, లోతైన కాలవో ఉంటే అందులోకి దిగి నడవండి, గట్టు మిమ్మల్ని దాస్తుంది. అంచున స్విచ్‌గ్రాస్ లాంటి ఎత్తు గడ్డి ఉంటే దాని వెనక నడవవచ్చు. లేకపోతే ఇప్పుడేమీ చేయలేరు, వచ్చే ఏటికి నాటించుకోవాలి. రెండోది, చేను అంచు వదిలేసి చెట్లలోకి 80 నుంచి 100 గజాలు వెనక్కి వెళ్ళి, అవి వచ్చే బాట పక్కన కూర్చోవడం. అక్కడికి అవి పావుగంటో ఇరవై నిమిషాలో ముందే వస్తాయి, చీకటి పడేసరికి మిమ్మల్ని దాటి చేలోకి పోతాయి, మీరు వెనక నుంచి దిగి వెళ్ళిపోవచ్చు. మరీ లోపలికి పోయి పడక దగ్గర కూర్చుంటే ఎక్కేటప్పుడే లేపేస్తారు.

అంచున గుడారం లాంటి బ్లైండ్‌లో తప్పక కూర్చోవాల్సి వస్తే బండి పిలిపించుకోండి. ఇది బాగా పనిచేస్తుంది, చేసేవాళ్ళు తక్కువ. పొలాల మధ్య పెరిగిన జింకలకు ట్రాక్టర్, ట్రక్కు, ఏటీవీ (పొలాల్లో తిరిగే చిన్న నాలుగు చక్రాల బండి) కొత్త కాదు. బండిని చూసి తొలుగుతాయి, గంటలో తిరిగొస్తాయి. మనిషిని చూసినప్పుడు అలా కాదు. తోటివాడికో, ఆ రైతుకో ఫోన్‌లో మెసేజ్ పెట్టి, బండి మీ దగ్గరికొచ్చి ఆగి జింకలు అంచులోకి వెళ్ళాకే దిగండి. తుపాకీ ఖాళీ చేసి కేసులో పెట్టి ఎక్కండి. బండి హెడ్‌లైట్లు చాలు, స్పాట్‌లైట్ వేయకండి. తుపాకీ దగ్గర ఉండగా జింకల మీద స్పాట్‌లైట్ వేయడం చాలా రాష్ట్రాల్లో నేరం. పిలవడానికి ఎవరూ లేకపోతే కోయోటీ (నక్కలాంటి అమెరికా జంతువు) అరుపు ఒకసారి పెట్టి చేను ఖాళీ చేయించవచ్చు, కానీ వారానికి రెండుసార్లు పెడితే అది కూడా బెడిసికొడుతుంది.

ఇదే లక్షణానికి ఇంకో దొంగ కారణం ఉంది, అదీ చివరి అరగంటలోనే. ఫోన్‌లో వాయవ్యపు గాలి అని ఉంటుంది, మూడున్నరకి మీ ముఖానికే తగులుతుంది, బాగానే ఉందనుకుంటారు. పొద్దు వాలి గాలి పడిపోయాక చల్లబడిన గాలి నీళ్ళలా పల్లానికి జారుతుంది. మీరు ఎగువ అంచున ఉంటే మీ వాసన కూడా దానితోపాటే చేలోకి దిగుతుంది. గాలి చూసే పౌడర్ బుడ్డి నొక్కితే రెండు మూడు అడుగులే తెలుస్తుంది. మన జిల్లేడు కుటుంబానిదే మిల్క్‌వీడ్ మొక్క, దాని గింజల దూది నాలుగు పోగులు జేబులో పెట్టుకోండి. నాలుగింటికి ఒకటి, నాలుగున్నరకి ఒకటి వదిలి ముప్పై నలభై గజాల దాకా ఎటు తేలిపోతుందో చూడండి. రెండోది చేలోకి దిగిందంటే, గాలి నిలకడగా వీచే రోజున తప్ప ఆ మంచె ఎక్కొద్దు, లేదా దాన్ని దిగువ వైపుకి మార్చండి.

పొద్దున వేట గురించి అడగకండి. తెల్లవారకముందు అవి చేలోనే ఉంటాయి, మీరు చీకట్లో వాటి మధ్య నుంచే నడవాలి. ఒక్కో మంచెకు వారానికి ఒక సాయంత్రం, అదీ గాలి కలిసొచ్చినప్పుడు. అంతకు మించి కూర్చుంటే పైన చెప్పిందంతా మళ్ళీ మొదటికొస్తుంది.

లక్షణం: వెలుతురులోనే వస్తున్నాయి, కానీ అంచున ఆగి వెనక్కి తిరుగుతున్నాయి

ఆ ముసలి ఆడజింకను గమనించండి. చెట్ల నీడలో ఒంటికాలు ఎత్తి నిలబడుతుంది. చెవులు రెండూ చెరోవైపు తిరుగుతాయి. మేయబోతున్నట్టు తల కిందికి దించి, నోరు ఆనకుండానే చటుక్కున ఎత్తి మీ వైపు చూస్తుంది. మీరు కదిలారా లేదా అని అది పెట్టే పరీక్ష అది. ఆ దించిన క్షణంలో తుపాకీ ఎత్తబోయారో, ఎత్తిన కాలు నేలకేసి కొడుతుంది, ముక్కుతో బుస్సుమంటుంది, ఆ సాయంత్రం ముగిసింది. తల నిజంగా కిందే ఉండి దవడలు ఆడుతున్నప్పుడే కదలండి.

అప్పుడప్పుడూ కారణం చప్పుడు. ఆకులు రాలిన అడవిలో, గడ్డకట్టిన చలిలో మంచె పలక ఒక్కసారి పటుక్కుమన్నా వంద గజాలు వినబడుతుంది. పలక మీద పాత తివాచీ ముక్క పరిచి, బోల్టులు బిగించండి. మందపాటి కోటు వేసుకుని నడిస్తే చెమట పట్టి, కూర్చున్నాక వణుకు పుడుతుంది, వణికేవాడు కదలకుండా ఉండలేడు. కోటు వీపు మీద మోసుకెళ్ళి పైన తొడుక్కోండి.

లక్షణం: నిన్న ఇరవై, ఇవాళ సున్నా

వాతావరణం మారింది. గట్టి చలికి గింజ చేలు, మంచు కరిగి నలభై అయిదు యాభై ఫారెన్‌హీట్ దాకా ఎక్కిన రోజుల్లో గోధుమ, క్లోవర్ లాంటి పచ్చి మేత. మంచు తుఫానుకి ముందు సాయంత్రం, అది వెలిసిన మర్నాడు తొందరగా లేచి మేస్తాయి, మీ దగ్గరున్న ఒక్క సెలవునీ అప్పుడు వాడుకోండి. ఎండ కాసిన చలి రోజుల్లో గాలి తగలని దక్షిణపు వాలుల్లో పడుకుంటాయి, మేతకి అక్కడి నుంచే దిగుతాయి. పడక అడుగున మంచు కరిగి మళ్ళీ గాజులా గడ్డకట్టి ఉంటే అది గంటల తరబడి పడుకున్న చోటు.

లక్షణం: జింక వచ్చింది, తుపాకీ పేలలేదు

మజిల్‌లోడర్‌ని (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీని) చలిలోంచి వెచ్చటి ఇంట్లోకి తెచ్చి ఉంటారు. గొట్టం లోపల చెమ్మ పట్టి మందు తడిసింది. ప్రైమర్ (మందు అంటించే చిన్న బిళ్ళ) తీసేసి, కేసులో పెట్టి, వేడి లేని గ్యారేజీలో తాళం వేసి ఉంచండి. బోల్ట్ తుపాకీ అయితే చిక్కటి నూనె గడ్డకట్టి ఫైరింగ్ పిన్ బద్ధకంగా కొడుతోంది. నూనె తుడిచేసి, దాదాపు పొడిగా ఉంచండి. విల్లు పట్టేవాళ్ళు కోటు వేసుకునే ఇంటి దగ్గర సాధన చేయాలి, నారి చేతికి తగిలితే బాణం పక్కకి పోతుంది. చలికి కండరాలు బిగుసుకుంటాయి కాబట్టి విల్లు బిగువు అయిదు పౌండ్లు తగ్గించుకోండి.

చంద్రుడు, బారోమీటర్, పక్క ఊళ్ళో తోడేలు చూశామన్న మాటలు పక్కన పెట్టండి. కుట్టే చిన్న ఈగలతో జింకలకు వచ్చే ఈహెచ్‌డీ అనే వైరస్ జబ్బు గడ్డకట్టే చలితో ఆగిపోతుంది, జనవరిలో జింకలు కనబడకపోవడానికి దాన్ని నిందించాల్సి వచ్చేది చాలా అరుదు.

లక్షణం: ఆడజింక అనుకున్నారు, దగ్గరికెళ్తే కాదు

డిసెంబర్ చివరి నుంచే మగజింకల కొమ్ములు రాలడం మొదలవుతుంది. కొమ్ము లేని జింక ట్యాగ్ మీద అది చట్టానికి ఒప్పేదే కావచ్చు, వచ్చే ఏటి పెద్ద మగజింక మాత్రం పోయినట్టే. ఆడజింక మూతి సన్నగా పొడుగ్గా ఉంటుంది, మగదానికి నుదురు వెడల్పు, మెడ ఛాతీ మొద్దు. స్కోప్‌లో కళ్ళకు పైన గుండ్రటి రెండు మచ్చలు కనబడితే అవి కొమ్ములు ఊడిన చోట్లు. ఒంటరిగా చివర్లో వచ్చిన బలమైన జింక మీద తొందరపడకండి. పక్కన చిన్న జింకలు ఉన్నదాన్ని చూసుకోండి, పోల్చడానికి సైజు కూడా తెలుస్తుంది.