ప్లాన్ గీయించే ముందు టేపు పట్టుకుని ప్లాటుకెళ్లండి

శ్రావణంలో శంకుస్థాపనకి ముహూర్తం పెట్టించుకుని, ఆషాఢం చివర్లో ప్లాన్ కోసం పరుగెత్తేవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ తొందర్లో ఇంజినీర్‌కి డాక్యుమెంట్ జిరాక్స్ ఇచ్చేసి వచ్చేస్తారు. మేమూ అదే చేశాం. 40 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు, 200 గజాలు అనుకుని ప్లాన్ గీయించాక ప్లాటు కొలిస్తే లోతు అడుగుంబావు తక్కువొచ్చింది. వెనకింటివాళ్ల ప్రహరీ మాలోకి జరిగి ఉంది. ప్లాన్ మళ్లీ మొదటికొచ్చింది.

కాబట్టి నాలుగు వైపులా మీరే కొలవండి. ఎదురెదురు మూలల మధ్య కూడా టేపు పెట్టండి. ఆ రెండు కొలతల్లో తేడా వస్తే ప్లాటు వంకరగా ఉన్నట్టే, గీతలూ దానికి తగ్గట్టే రావాలి.

తర్వాత రోడ్డు. చాలామంది మోసపోయేది ఇక్కడే. తెలంగాణలో మామూలు నివాస ప్రాంతాల్లో ఇంటి ముందు 30 అడుగుల రోడ్డు ఉండాలి. ఉన్నది 20 అడుగులే అయితే రోడ్డు మధ్య నుంచి 15 అడుగులు లెక్కేసి, మీ ప్లాటులో 5 అడుగులు వదలాలి. 40 అడుగుల ముఖానికి అదే 22 గజాలు! సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ కట్టకుండా వదలాల్సిన ఖాళీ, ఆ వదిలిన గీత దగ్గర్నుంచి మొదలవుతుంది. ఈ సైజు ప్లాటుకి ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున పోతే, రోడ్డుకి వదిలిన 5 అడుగులు కూడా తీసేశాక 45 అడుగుల లోతులో ఇంటికి మిగిలేది సుమారు 31 అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు. మూడు బెడ్రూములు గీయించే ముందు ఈ లెక్క వేసుకోండి.

లింక్ డాక్యుమెంట్లు (ప్లాటు పాత అమ్మకాల దస్తావేజులు), ఈసీ (ప్లాటు మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, అప్పులు చూపే పత్రం), లేఅవుట్ కాపీ లేదా ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ ప్లాటుని క్రమబద్ధం చేసే పథకం) ప్రొసీడింగ్స్ ఒక ఫైల్లో పెట్టుకోండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో ఉందా, దగ్గర్లో చెరువు ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు) ఎక్కడిదాకా వస్తుంది అన్నవి కూడా చూసుకోవాలి.

ఇళ్ల అనుమతుల కోసం తెలంగాణ తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టంతో సుమారు 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు దాటని ఇళ్లకి సొంత ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వచ్చే పద్ధతి మొదలైంది. సుఖమే గానీ, అసలు తనిఖీ తర్వాత జరుగుతుంది. వివరాలు తప్పని తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. ఇంజినీర్ నింపిన ఫారం చదవకుండా సంతకం పెట్టొద్దు. దరఖాస్తు మీ పేరు మీద వెళ్తుంది, ఆయన పేరు మీద కాదు.

ఇంకొకటి, వాస్తు చూసే పంతులుగారిని అనుమతి వచ్చాక కాదు, పెన్సిల్ గీతల దశలోనే పిలవండి. మా బావగారింట్లో పునాది తీశాక ఆయన వచ్చి మెట్లు ఇంకో మూలకి జరపమన్నారు. జరిపితే మెట్లు సరిగ్గా సెట్‌బ్యాక్‌లో పడ్డాయి.