ఆస్టరిస్క్ స్ట్రెస్ టెస్ట్ అయ్యాక ఏ నంబర్ నమ్మాలి?

కాల్స్ పుట్టించే టెస్ట్ టూల్ సిప్‌పీతో, ఫోన్ కాల్స్ నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఆస్టరిస్క్ మీద లోడ్ వేశాక అందరూ అడిగేది ఒకటే, ఎన్ని కాల్స్ దగ్గర పడిపోయింది అని. పడిపోయిన నంబర్‌తో పెద్దగా పని లేదండి, మొదట ఎక్కడ తడబడిందో అది కావాలి.

అది సిప్‌పీ స్క్రీన్ మీద రీట్రాన్స్ (మళ్లీ పంపిన మెసేజ్‌ల లెక్క) కాలమ్‌లో కనిపిస్తుంది. యూడీపీ (చేరిందో లేదో చూడకుండా పంపే నెట్‌వర్క్ పద్ధతి) మీద ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే మెసేజ్) పంపాక 500 మిల్లీసెకన్లలో జవాబు రాకపోతే అదే ఇన్వైట్ మళ్లీ వెళ్తుంది, ఆ తర్వాత 1 సెకను, 2, 4 అంటూ గ్యాప్ రెట్టింపవుతూ పోతుంది, అంటే సర్వర్ నెమ్మదించిన క్షణం నుంచే దాని మీద పడే బరువు ఇంకా పెరుగుతుంది. అక్కడొకటి ఇక్కడొకటి వస్తే పట్టించుకోకండి. కాల్ రేటు పెంచకపోయినా ఆ అంకె ఆగకుండా ఎక్కుతోందంటే మీ హద్దు దాటేశారు. 503లు (కాల్ తీసుకోలేనని సర్వర్ ఇచ్చే జవాబు), టైమవుట్లు వచ్చేదాకా చూస్తే లేటే.

రేటు వేరు, ఒకేసారి నడిచే కాల్స్ వేరు. సెకనుకు 10 కాల్స్, ఒక్కోటి 180 సెకన్లు అయితే ఒకేసారి 1,800 నడుస్తాయి, కానీ అక్కడికి చేరడానికే మూడు నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల్లో టెస్ట్ ఆపేసి "1,800 తట్టుకుంది" అని రిపోర్ట్ రాస్తే, నిజానికి మీరు చూసింది 1,200. నేనూ ఒకసారి ఇలాగే రాసి పంపాను, సిగ్గుపడ్డాను.

ఆడియో లేకుండా వచ్చిన నంబర్‌ని అసలు నమ్మొద్దు. జీ.711 అనే ఆడియో కోడెక్‌లో ఒక్కో దిశలో సెకనుకు 50 ప్యాకెట్లు. రెండు కాళ్ల కాల్స్ (చేసేవారి వైపు ఒక కాలు, అందుకునేవారి వైపు ఒకటి) 1,800 ఉండి ఆడియో సర్వర్ మీదుగానే పోతుంటే సెకనుకు 1,80,000 ప్యాకెట్లు లోపలికి, అన్నే బయటికి. అప్పుడు టాప్ (లినక్స్‌లో సీపీయూ వాడకం చూపే కమాండ్) తెరిచి 1 నొక్కండి, ఒక్కో కోర్ విడిగా కనిపిస్తుంది. మొత్తం సీపీయూ 30 శాతమే అని చూపిస్తున్నా, నెట్‌వర్క్ కార్డు పని చూసే ఒక్క కోర్ నిండిపోయి ఉండొచ్చు.

ఇక ఎన్నిసార్లు నడిపినా సరిగ్గా ఒకే నంబర్ దగ్గర ఆగుతోంది, సీపీయూ ఖాళీగా ఉంది అంటే మెషీన్‌ని తిట్టకండి, ఏదో సెట్టింగ్ అడ్డుపడుతోంది. ఓపెన్ ఫైల్స్ లిమిట్ (ఒకేసారి తెరవగల ఫైళ్లు, కనెక్షన్ల హద్దు) 1024 దగ్గరే ఉండిపోయిందేమో ముందు చూడండి. తర్వాత ఆర్‌టీపీ పోర్టులు, అంటే ఆడియో వెళ్లేవి: 10000 నుంచి 20000 వరకు ఇస్తే, కాలుకి రెండు చొప్పున, కాల్‌కి నాలుగు పోతాయి కాబట్టి 2,500 కాల్స్‌కే అయిపోతాయి. వాటిని పెంచి మొదటి నుంచి మళ్లీ నడపండి, రీట్రాన్స్ కదిలే చోటు ఈసారి వేరేగా వస్తుంది, నేనైతే అక్కడి కాల్స్ సంఖ్యలో 70 శాతమే క్లయింట్‌కి చెప్తాను.