పనసపొట్టు ఆవకూర ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడితో పాటు పనస చెట్లూ కూలిపోయాయి. ఈరోజు పెరట్లో చెట్టున్న ఇంటికి దొరికినంత సులువుగా లేత పనసకాయ బజారులో దొరకదు. లేత పనసకాయను సన్నగా కొడితే వచ్చేదే పొట్టు, దాన్ని ఉడికించి నూరిన ఆవాలు (ఆవ) కలిపితే ఆవకూర. చేతికి వచ్చిన కాయ వృథా కాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

పొట్టు పీచుపీచుగా ఉంది, నమలలేకపోతున్నాం

కాయ ముదిరింది. లేత కాయలో గింజ ఇంకా గట్టిపడదు, కత్తి ఎక్కడా ఆగకుండా దిగుతుంది. గింజకు పెంకు కట్టిందంటే ఎంత ఉడికించినా పీచు లొంగదు. ఆ కాయను పొట్టు కొట్టవద్దు. గింజలు, తొనలు వేరుచేసి పులుసు పెట్టుకోండి. మాఘ ఫాల్గుణాల్లో కోసిన కాయే ఈ కూరకు తగినది.

చేతులకు జిగురు వదలడం లేదు

కోసిన చోట తెల్లని పాలు బొట్లు బొట్లుగా పైకి వస్తాయి. వాటిని నీళ్లతో కడిగితే ఇంకా సాగుతాయి. కోయకముందే చేతులకు, కత్తికి కొబ్బరినూనె రాయండి. అప్పటికే అంటుకుంటే నూనెతో రుద్ది, తరువాత సబ్బు వాడండి.

పొట్టు నల్లబడుతోంది

గాలి తగలడమే కారణం. కొట్టిన పొట్టును వెంటనే పలుచని మజ్జిగలోగానీ చింతపండు నీళ్లలోగానీ వేయండి.

కూర ముద్దయింది

కుక్కర్‌లో పెట్టి ఉంటారు, లేదా మిక్సీలో తిప్పి ఉంటారు. పొట్టును కత్తితోనే కొట్టాలి. పసుపు, ఉప్పు వేసి మూత లేకుండా ఉడికించాలి. ఒక పోగు తీసి వేళ్ల మధ్య నొక్కితే నలగాలి, చిదిమినట్టు కాకూడదు. వార్చి, చల్లారాక పిండితే పొడిపొడిగా వస్తుంది. ముద్దయిన కూరను వెడల్పాటి బాణలిలో తడి ఆరేదాకా వేయించి, వేయించిన మినప వడియాలు నలిపి కలపండి. కొంత తేరుకుంటుంది.

చేదుగా ఉంది, ఆవ ఘాటు లేదు

ఎక్కువ కూరలు చెడేది ఇక్కడే. పొడి ఆవగింజకు ఘాటు ఉండదు. నానబెట్టి, ఎండుమిరపకాయ, ఉప్పు చేర్చి, తడితో నూరినప్పుడే ముక్కుకు తగిలే ఆ ఘాటు పుడుతుంది. అది వేడికి నిలవదు. పొయ్యి మీద ఉన్న కూరలో ఆవ కలిపితే ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది. చింతపండు గుజ్జు, పోపు, పచ్చిమిర్చి అన్నీ అయ్యాక బాణలి దించండి. కూర చేయి పెట్టగలిగినంత గోరువెచ్చగా అయ్యాకే ఆవ కలపండి. రెండు కప్పుల పొట్టుకు ఒక చెంచా ఆవాలు చాలు.

ఘాటు పోయిన కూరకు అర చెంచా ఆవాలు కొత్తగా నూరి, పూర్తిగా చల్లారాక కలపవచ్చు. చేదుకు చిటికెడు బెల్లం, కాస్త పులుపు చేర్చండి. తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పోపులో ఆవాలు మాడి చేదెక్కితే మాత్రం దిద్దుబాటు లేదు. మాడిన వాసన రాగానే ఆ పోపు పారబోసి మళ్లీ పెట్టండి.

పలాస జీడిపప్పు మెత్తబడుతోంది

పోపులో వేయించి పక్కన పెట్టుకోండి. ఆవ కలిపి కూర గంటసేపు ఊరాక, వడ్డించేటప్పుడు చల్లండి.