డ్యూటీల మధ్యలో ఆన్‌లైన్ క్లాసులు ఎలా పూర్తి చేయాలి (మెడికల్ పీజీలకి, ఇంటర్న్‌లకి)

నైట్ డ్యూటీ దిగి రూమ్‌కొచ్చి, స్నానం చేసి, పడుకునే ముందు ఓ గంట లెక్చర్ చూసేద్దాం అనుకోని వాళ్లు మనలో ఉండరు. నేను ఫస్ట్ ఇయర్ అంతా అలాగే చేశాను, వీడియో పక్కన టిక్ పడేది, సాయంత్రం నిద్ర లేచి ఆ టాపిక్‌లో ప్రశ్న చూస్తే ఒక్క ముక్క గుర్తొచ్చేది కాదు. నాకే బుర్ర లేదేమో అని చాలా బాధపడ్డాను. తర్వాత తెలిసింది ఏంటంటే, 17 గంటలు వరసగా మెలకువగా ఉంటే పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నంతగా పడిపోతుందని 1997లోనే డాసన్, రీడ్ అనే పరిశోధకులు నేచర్ పత్రికలో రాశారు. ఆ స్థితిలో కొత్త టాపిక్ ఎలా ఎక్కుతుంది చెప్పండి. కాబట్టి పోస్ట్ డ్యూటీ రోజు, అంటే నైట్ దిగిన రోజు, ముందు నిద్ర, దీంట్లో బేరాల్లేవు. లేచాక కూడా ఓ అరగంట మగతగానే ఉంటుంది, టీ తాగి నెమ్మదిగా కూర్చోండి.

రోస్టర్ చేతికి రాగానే చేయాల్సిన పని ఒకటుంది. నైట్లు, పోస్ట్ డ్యూటీలు, అడ్మిషన్ డేలు (మన యూనిట్ కొత్త పేషెంట్లని చేర్చుకునే రోజులు) అన్నీ కొట్టేయండి, మిగిలినవి ఎన్నో లెక్కపెట్టండి. నాకు నెలకి ఆరో ఏడో మిగిలేవి, అంతే. పెద్ద లెక్చర్లు వాటిల్లోనే పెట్టుకోవాలి, మిగతా రోజుల్లో పెట్టుకుంటే బ్యాక్‌లాగ్ పెరుగుతుంది, దానితో పాటు దిగులు కూడా.

డ్యూటీలో ఐదు పది నిమిషాలు దొరికినప్పుడు వీడియో ఓపెన్ చేయొద్దు, ప్రశ్నలు చేయండి లేదా ఫ్లాష్‌కార్డులు (ఒకవైపు ప్రశ్న, ఇంకోవైపు జవాబు) తిప్పండి, మధ్యలో సిస్టర్ పిలిచినా నష్టం ఉండదు. పైగా ప్రశ్నలతో చదివిందే నిలబడుతుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో మళ్లీ మళ్లీ చదివిన వాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో బాగా చేశారు, కానీ వారం తర్వాత చూస్తే తమని తాము పరీక్షించుకున్న వాళ్లకే ఎక్కువ గుర్తుంది. ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ వాడేవాళ్లు నైట్లు మొదలయ్యే ముందు రోజే కొత్త కార్డుల లిమిట్ సున్నా చేసేయండి, పాతవి మాత్రం తిప్పండి, లేకపోతే నైట్లు అయ్యేసరికి వందల కార్డులు పేరుకుని యాప్ తెరవాలంటేనే భయమేస్తుంది. అన్నీ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఐసీయూలో సిగ్నల్‌ని నమ్ముకోకూడదు. వార్డులో ఇయర్‌ఫోన్స్ మాత్రం వద్దు, రెండు చెవుల్లోనూ అసలే వద్దు, మానిటర్ అలారం వినపడకపోతే ఆ చదువుకి అర్థం లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఏ క్లాస్ చూడాలో యాప్‌లో ఉన్న వరసని బట్టి కాకుండా మీ బెడ్ మీద ఉన్న పేషెంట్‌ని బట్టి తేల్చుకోండి. ఒక రాత్రి రెండున్నరకి డయాలసిస్ మిస్ అయిన ఒకాయన వచ్చారు, రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా 7 దాటింది, దానికి గుర్తుగా ఈసీజీలో టీ వేవ్‌లు గుడారాల్లా లేచి ఉన్నాయి, సీనియర్ చెప్తే కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చాం, ఈసీజీ సర్దుకుంది. అప్పుడు ఇంటర్న్ అడిగింది, "అక్కా, ఇప్పుడు పొటాషియం తగ్గినట్టేనా?" నేను ఔననబోయి ఆగిపోయాను. జేబులో చీటీ మీద రాసుకున్నాను, "కాల్షియం ఇచ్చాక మనకి ఎంత టైముంది?" రెండ్రోజుల తర్వాత ఆఫ్ వచ్చినప్పుడు పొటాషియం లెక్చర్ మొత్తం పెట్టకుండా ఆ ముక్క వెతుక్కుని చూశాను, పన్నెండు నిమిషాలు పట్టింది. కాల్షియం పొటాషియంని తగ్గించదు, గుండెని కాపాడుతుంది, అదీ అరగంట నుంచి గంట వరకే, ఈలోపు ఇన్సులిన్ డెక్స్‌ట్రోజ్, సాల్బుటమాల్‌తో పొటాషియంని కణాల్లోకి తోయాలి, ఒంట్లోంచి బయటికి పంపేది డయాలసిస్. ఇది నేను ఈ జన్మకి మర్చిపోను, ఎందుకంటే ఆయన మొహం గుర్తుంది.

అందుకే డ్యూటీకి ఒక్క డౌట్ చొప్పున ప్రశ్న రూపంలో రాసుకోండి, పేషెంట్ పేరు, ఐపీ నంబర్ (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబర్) మాత్రం ఎక్కడా రాయొద్దు, ఫోటో అసలే వద్దు.

లైవ్ క్లాస్ ఉంటే కో-పీజీతో ముందే మాట్లాడుకోండి, ఆ గంట నీ డ్యూటీ కాల్స్ నేను చూస్తా, రేపు నావి నువ్వు చూడు అని, పేషెంట్ల వివరాలు అప్పజెప్పే హ్యాండోవర్ సరిగ్గా ఇచ్చి వెళ్లండి. అది కుదరకపోతే రికార్డింగ్ చూసుకోండి, కొత్త టాపిక్ అయితే 2 ఎక్స్‌లో పరిగెత్తించొద్దు, 1.25 చాలు, రివిజన్‌కి ఎంతైనా పెంచుకోండి. ఒకేసారి రెండు మూడు కోర్సులు కొని పెట్టుకున్న వాళ్లు ఈ నెలకి ఒకటే ఉంచుకుని మిగతావి ఫోన్‌లోంచి తీసేయండి, రోస్టర్ తేలికైనప్పుడు మళ్లీ పెట్టుకోవచ్చు.