ఐరోపా రైళ్లలో మద్యం: సీసా మూత తీసే ముందు

ఐరోపాలో రైలులో మద్యం తాగవచ్చా అని అడిగితే, దేశం పేరు ఒక్కటే తెలిస్తే సమాధానం చెప్పలేము. ఆ రైలు ఏ సంస్థది, దూరప్రయాణానిదా, లోకలా అన్నది కూడా తెలియాలి. జర్మనీలో ఐసీఈ వంటి దూరప్రయాణపు రైళ్లలో వెంట తెచ్చుకున్న బీరును మర్యాదగా తాగితే మామూలుగా ఎవరూ అభ్యంతరపెట్టరు. కానీ హాంబర్గ్‌లో దిగి లోకల్ రైలు ఎక్కారంటే, సగం తాగిన అదే సీసా మీకు జరిమానా తెచ్చిపెట్టగలదు, ఎందుకంటే అక్కడి నగర రవాణాలో 2011లోనే మద్యం తాగడాన్ని నిషేధించారు. అందుకని, దారిలో మారవలసిన రైళ్లన్నింటినీ టికెట్టులో చూసుకుని, ఒక్కొక్క సంస్థ నిబంధనలను బయలుదేరే ముందే విడివిడిగా చదవండి.

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ రైళ్లలో సాధారణంగా ఆ రైలులో అమ్మిన మద్యమే తాగాలి. బయట కొన్న సీసా ఉంటే మూత తీయకుండా సంచిలోనే ఉంచండి. లండన్ మెట్రోలోనూ బస్సుల్లోనూ 2008 జూన్ 1 నుంచి మద్యం తాగడం, మూత తీసిన సీసా పట్టుకుని ఎక్కడం రెండూ నిషేధమే. బ్రిటన్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజుల్లో కొన్ని రైళ్లను పూర్తిగా మద్యరహితంగా నడుపుతారు కనుక, ప్రయాణం రోజున ఆ సంగతి మళ్లీ కనుక్కోవాలి. వయసు నిబంధన కూడా అంతటా ఒకటి కాదు: జర్మనీలో బీరు, వైన్ కొనడానికి 16 ఏళ్లు చాలు, ఘాటు మద్యానికి 18 నిండాలి, లిథువేనియాలో దేనికైనా 20 నిండాలి.

నన్నడిగితే, రైలులో ఒక గ్లాసు తీరిగ్గా తాగాలంటే బెర్లిన్ నుంచి ప్రాగ్ వెళ్లే చెక్ రైలులోని రెస్టారెంటు పెట్టెను మించిన చోటు లేదు. అక్కడ పీపా నుంచి పట్టిన బీరును గాజు గ్లాసులో, పైన నురుగుతో తెచ్చి బల్ల మీద పెడతారు. డ్రెస్డెన్ దాటాక రైలు ఎల్బే నది ఒడ్డునే, ఇసుకరాతి కొండల మధ్య సాగుతుంది. ప్రాగ్ వైపు వెళ్లేటప్పుడు నది ఎడమ చేతి వైపు ఉంటుంది కనుక, డ్రెస్డెన్ రాకముందే ఆ వైపు కిటికీ దగ్గర కూర్చోండి. మలుపుల్లో గ్లాసు జరిగిపోకుండా చేయి దగ్గరే ఉంచుకోండి. గ్లాసుకొక గ్లాసు మంచినీళ్లు కూడా తాగండి.

రాత్రి రైలులో మాత్రం ఎంత తక్కువ తాగితే అంత మంచిది. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను: పై బెర్తుకు నిచ్చెన మీదుగా ఎక్కాలి, అర్ధరాత్రి మూత్రానికి లేస్తే చీకట్లో అదే నిచ్చెన దిగాలి, సరిహద్దులో పోలీసులు తలుపు తడితే వెంటనే పాస్‌పోర్టు చూపించాలి. మత్తులో పడుకుంటే పక్కన పెట్టుకున్న సంచి పోయినా తెలియదు. నిద్రమాత్రలు వేసుకునేవారు ఆ రాత్రి మద్యం ముట్టకూడదు.

గాజు సీసాను పై అరలో పడుకోబెట్టకండి. కుదుపుకు దొర్లి కింద కూర్చున్నవారి తల మీద పడవచ్చు. జర్మనీలో కొన్న బీరు డబ్బా ఖాళీ అయ్యాక నలపకుండా దాచుకుంటే, సూపర్‌మార్కెట్టులోని యంత్రంలో వేసి, కొన్నప్పుడు కట్టిన 25 సెంట్ల డిపాజిట్టును తిరిగి తీసుకోవచ్చు.