అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో డ్రిల్ ఎగ్గొడితే ఏమవుతుంది? దాన్ని ఎలా సరిదిద్దుకోవాలి?

నెలకో వారాంతం డ్రిల్, అంటే సైనిక శిక్షణ, ఏడాదికి రెండు వారాలు. రిక్రూటర్ నోట వినిపించే లెక్క ఇది. చట్టంలో ఉన్నది కొంచెం వేరు: ఏడాదికి కనీసం 48 డ్రిల్ పీరియడ్లు, వాటి మీద కనీసం 14 రోజుల యాన్యువల్ ట్రైనింగ్. రాష్ట్రాల కింద ఉండే నేషనల్ గార్డ్‌లో అయితే ట్రైనింగ్ 15 రోజులు. గ్రీన్‌కార్డు మీద చేరినవాళ్ళు, కాలేజీ ఫీజుల కోసం చేరినవాళ్ళు, బోనస్ చూసి సంతకం పెట్టినవాళ్ళు అందరికీ ఇదే నియమం.

డ్రిల్ తప్పడం గురించి రెండు రకాల పుకార్లున్నాయి. ‘పార్ట్‌టైమే కదా, వెళ్ళకపోతే వాళ్ళే పేరు కొట్టేస్తారు’ అనేది ఒకటి. ‘ఒక్కసారి మానేసినా మిలిటరీ పోలీసులు ఇంటికొస్తారు’ అనేది ఇంకొకటి. రెండూ తప్పే. ఒక వారాంతం పోయినంత మాత్రాన ఎవరి కెరీరూ పోదు. ఫోన్ ఎత్తకుండా, ఉత్తరాలు విప్పకుండా ఆరు నెలలు గడిపినవాళ్ళే చిక్కుల్లో పడతారు. అప్పుడు కూడా దెబ్బ జైలు రూపంలో కాకుండా డిశ్చార్జ్ కాగితం రూపంలో వస్తుంది.

ఈ వ్యాసంలోని వివరాలు ప్రధానంగా ఆర్మీ రిజర్వ్‌కి సంబంధించినవి. నేవీ, ఎయిర్‌ఫోర్స్ రిజర్వుల్లో ఫారాలు మారతాయి గానీ వ్యవహారం నడిచే తీరు దాదాపు ఇదే.

మొదటి మెట్టు: మీకు ఎన్ని ‘యూ’లు పడ్డాయో లెక్కేసుకోండి

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. డ్రిల్‌ని వారాంతాలతో కాదు, పీరియడ్లతో లెక్కిస్తారు. కనీసం నాలుగు గంటల శిక్షణ ఒక పీరియడ్, దాన్నే యూటీఏ అంటారు. శని, ఆదివారాలు కలిపి మామూలుగా నాలుగు యూటీఏలు. కాబట్టి చెప్పాపెట్టకుండా ఒక వారాంతం మానేస్తే రికార్డులో నాలుగు ‘యూ’లు పడతాయి. ‘యూ’ అంటే అన్‌ఎక్స్‌క్యూజ్డ్.

ఏడాది వ్యవధిలో ఇలాంటివి తొమ్మిదికి చేరితే మీరు ‘అన్‌శాటిస్‌ఫాక్టరీ పార్టిసిపెంట్’ కింద లెక్క. ఈ ఏడాది జనవరిలో మొదలయ్యేది కాదు, మీ మొదటి గైర్హాజరు తేదీ నుంచి మొదలవుతుంది. ఉదాహరణకు ఫిబ్రవరిలో ఒక వారాంతం, మేలో మరొకటి పోతే ఎనిమిది అయ్యాయి. అక్టోబర్‌లో ఆదివారం మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ముందే ఇంటికి వచ్చేస్తే తొమ్మిదోది కూడా పడింది. రెండున్నర వారాంతాలు కూడా పూర్తిగా మానక్కర్లేదన్నమాట.

షెడ్యూల్‌లో ఎమ్‌యూటీఏ (ఒకే దఫాలో వరుసగా పెట్టే యూటీఏలు) పక్కనున్న అంకె చూడండి. ఎమ్‌యూటీఏ-4 అంటే మామూలు వారాంతం. ఎమ్‌యూటీఏ-6 శుక్రవారం నుంచే మొదలవుతుంది. ఎమ్‌యూటీఏ-8 అంటే ఏకంగా నాలుగు రోజులు. ఫైరింగ్ రేంజ్‌కో ఫీల్డ్‌కో వెళ్ళే నెలల్లో ఇలాంటివి పెడతారు. ఎమ్‌యూటీఏ-8 ఒక్కటి ఎగ్గొట్టినా గీతకు ఒక్క అడుగు దూరంలో ఉంటారు.

ఇంకో మెలిక ఉంది. హాజరైనా ‘యూ’ పడొచ్చు. సరైన యూనిఫాం లేకుండా వచ్చినా, అప్పగించిన పని చేయకుండా కూర్చున్నా ఆ పీరియడ్‌కి క్రెడిట్ ఇవ్వకుండా ఉండే అధికారం కమాండర్‌కి ఉంది.

రెండో మెట్టు: రాలేనని తెలిస్తే ముందే అడగండి

సొంత జబ్బు, గాయం, ఇంట్లో అత్యవసరం, మీ చేతిలో లేని ఇతర పరిస్థితులు. గైర్హాజరును మన్నించడానికి కమాండర్ చూసే కారణాలు ఇవి. చెల్లెలి పెళ్ళి, సెమిస్టర్ పరీక్ష, ముందే కొన్న ఇండియా టికెట్ ఈ జాబితాలో తమంతట తాము చేరవు. అలాంటివాటికి దారి రీషెడ్యూల్డ్ ట్రైనింగ్, అంటే ఆర్‌ఎస్‌టీ. ఫలానా వారాంతం బదులు ఫలానా తేదీల్లో వచ్చి పని చేస్తానని డ్రిల్‌కి ముందే రాసి ఇచ్చి, కమాండర్ ఆమోదం తీసుకోవాలి. గార్డ్‌లో దీన్నే ‘సూటా’ అంటారు. ఆ తేదీల్లో మీరు పని చేసినట్టు డీఏ ఫారం 1380 మీద రాయించుకుంటేనే జీతమూ రిటైర్మెంట్ పాయింట్లూ పడతాయి. ఆ ఫారం కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. యూనిట్ ఆఫీసులో కాగితాలు తప్పిపోవడం కొత్తేమీ కాదు.

అడిగేటప్పుడు స్క్వాడ్ లీడర్‌కి ఫోన్ చేసి ఊరుకుంటే చాలదు. ఆయన ‘సరేలే’ అనడం ఆమోదం కాదు, ఆమోదించే అధికారం కమాండర్‌ది. ఫోన్ చేశాక అదే విషయం మెయిల్‌లో పెట్టండి. అందులో ఇవి ఉండాలి: మీ ర్యాంకు, పేరు, తప్పబోయే తేదీలు, అందులో ఎన్ని యూటీఏలు, కారణం ఒకే వాక్యంలో, జతచేసిన రుజువు, బదులుగా రాగల రెండు తేదీలు. కథలొద్దు. ఆమోదిస్తున్నట్టు రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా సెలవు దొరికినట్టు కాదు.

ఉద్యోగం అడ్డమైతే ఆ సమస్యను యూనిట్‌తో కంటే ముందు కంపెనీతో తేల్చుకోవాలి. డ్రిల్‌కి వెళ్ళనివ్వననే హక్కు యజమానికి లేదు. సైనిక సేవకు వెళ్ళేవాళ్ళ ఉద్యోగాలను కాపాడే యూసెర్రా చట్టం ప్రకారం మీరు ముందుగా తెలియజేస్తే చాలు, నోటిమాటగా చెప్పినా చెల్లుతుంది. ఆ రోజులకు మీ సొంత సెలవులు వాడుకోమని బలవంతం చేయకూడదు. మీ బదులు పనికి ఎవరొస్తారో వెతికి తెమ్మనకూడదు. మాట వినని యజమానితో మధ్యవర్తిత్వం చేయడానికి రక్షణ శాఖ కిందే ఈఎస్‌జీఆర్ అనే విభాగం ఉచితంగా పనిచేస్తుంది. అందుకే ‘బాస్ వదల్లేదు’ అన్న సాకు కమాండర్ దగ్గర పెద్దగా పనిచేయదు.

ఊరు మారుతుంటే మారకముందే చెప్పండి. కొత్త చోట యూనిట్ వెతుక్కోవడానికి పరిమిత గడువు అడిగి తీసుకోవచ్చు. చెప్పకుండా మారితే మాత్రం పాత యూనిట్ పుస్తకాల్లోనే ఉంటారు, నెలనెలా ‘యూ’లు పడుతూనే ఉంటాయి.

మూడో మెట్టు: ఇప్పటికే తప్పితే

ఆ వారంలోనే కదలండి. ఆసుపత్రి కాగితం, ప్రమాదం జరిగితే పోలీసు రిపోర్టు, విమానం రద్దయిన మెయిల్, ఏది ఉంటే అది జతచేసి, పడిన ‘యూ’లను ఎక్స్‌క్యూజ్డ్‌గా మార్చమని కమాండర్‌కి రాయండి. డాక్టర్ చీటీలో ‘వైద్యం తీసుకున్నారు’ అని మాత్రమే ఉంటే బలం తక్కువ. ఫలానా తేదీల్లో విధులకు రాలేని స్థితి అని స్పష్టంగా ఉండాలి.

తర్వాతి డ్రిల్‌కి తప్పకుండా వెళ్ళండి. రెండు మూడు నెలలు మానేసినవాళ్ళు మొహం చెల్లక ఇంకో నెల మానేస్తారు, వ్యవహారం చేయి దాటేది అక్కడే. ఫస్ట్ సార్జెంట్ నాలుగు మాటలు అంటాడు, కౌన్సెలింగ్ ఫారం మీద సంతకం పెట్టించుకుంటాడు. ఆ దశలో అంతకు మించి జరిగేది తక్కువ.

నాలుగో మెట్టు: ఉత్తరం వస్తే

గైర్హాజర్లు పేరుకుంటుంటే యూనిట్ నుంచి ‘లెటర్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్స్’ వస్తుంది. చేతికిస్తారు, లేదా సర్టిఫైడ్ మెయిల్‌లో పంపుతారు. అందులో ఏ తేదీల్లో ఎన్ని యూటీఏలు తప్పాయో, తొమ్మిదికి చేరితే ఏం చేస్తారో, ఎవరికి ఎప్పటిలోగా జవాబివ్వాలో ఉంటుంది.

సంతకం పెట్టకుండా పోస్ట్‌మ్యాన్‌ని తిప్పి పంపితే నోటీసు చెల్లదని ఒక నమ్మకం ఉంది. అది ఒట్టిమాట. మీరిచ్చిన చివరి చిరునామాకు సరిగ్గా పంపామని యూనిట్ చూపించగలిగితే, ఉత్తరం తిరిగొచ్చినా చాలు. చిరునామా ఎప్పటికప్పుడు ఇచ్చే బాధ్యత సైనికుడిదే. ఉత్తరం తీసుకోండి, తేదీలు మీ లెక్కతో సరిపోల్చండి, తప్పుంటే రుజువుతో జవాబు రాయండి. మీరు ఆర్‌ఎస్‌టీ చేసిన వారాంతం కూడా అందులో గైర్హాజరుగా ఉండొచ్చు, దాచుకున్న 1380 కాపీ అక్కరకొచ్చేది ఇప్పుడే.

ఐదో మెట్టు: డిశ్చార్జ్ నోటీసు వస్తే

తొమ్మిదికి చేరాక కమాండర్ ముందు చాలా దారులున్నాయి. శిక్షణ సరిగ్గా పూర్తి చేయనివారిని 45 రోజులకు మించకుండా యాక్టివ్ డ్యూటీ శిక్షణకు పిలవొచ్చని చట్టంలో ఉంది. మొత్తం యాక్టివ్ సర్వీసు 24 నెలలు నిండేదాకా డ్యూటీకి పిలిచే అధికారమూ ఉంది. ఆచరణలో ఎదురయ్యేవి ఇంకో రెండు: మిగిలిన ఒప్పందకాలానికి ఇండివిడ్యువల్ రెడీ రిజర్వ్‌లోకి (నెలనెలా డ్రిల్ లేకుండా పేరు మాత్రం ఉండే జాబితాలోకి) మార్చడం, లేదా డిశ్చార్జ్ చేయడం. బేసిక్ ట్రైనింగ్‌కి ఇంకా వెళ్ళనివాళ్ళకు సాధారణంగా ఏ ముద్రా లేని డిశ్చార్జ్ వస్తుంది. మిగతావాళ్ళ విషయంలో ‘అదర్ దాన్ ఆనరబుల్’, అంటే ఓటీహెచ్, వచ్చే అవకాశం నిజంగా ఉంది. ఓటీహెచ్‌తో డిశ్చార్జ్ అయితే ర్యాంకు కూడా ప్రైవేట్‌కి, అంటే ఈ-1కి పడిపోతుంది.

నోటీసు చేతికందాక జవాబివ్వడానికి యాక్టివ్ డ్యూటీలో లేని రిజర్విస్టుకు కనీసం 30 రోజులుంటాయి. ఆ గడువు జవాబు లేకుండా దాటితే హక్కులన్నీ వదులుకున్నట్టే. చేయాల్సినవి ఇవి.

మొదట మిలిటరీ లాయర్‌తో మాట్లాడతానని టిక్ పెట్టండి. ట్రయల్ డిఫెన్స్ సర్వీస్ లాయర్ మీకు ఉచితం, కమాండర్ కింద పనిచేసే మనిషి కాదు. తర్వాత, నోటీసులో ఓటీహెచ్ ప్రస్తావన ఉన్నా, మీ సర్వీసు ఆరేళ్ళు నిండినా, బోర్డు ముందు విచారణ కోరే హక్కు ఉంది. దాన్ని లాయర్‌ని అడగకుండా వదులుకోవద్దు. కేసు బలహీనంగా ఉంటే ‘కండిషనల్ వేవర్’ అనే మధ్యేమార్గం ఉంది. ‘జనరల్ (ఓటీహెచ్ కంటే ఒక మెట్టు పై రకం) కంటే తక్కువ డిశ్చార్జ్ ఇవ్వకపోతే బోర్డు హక్కు వదులుకుంటాను’ అని రాసివ్వడం. యూనిట్‌కి బోర్డు పెట్టే శ్రమ తప్పుతుంది, మీకు ఓటీహెచ్ తప్పుతుంది. ఒప్పుకోవాలని లేదు, కానీ అడగకపోతే మాత్రం ఎవరూ ఇవ్వరు.

పోయేవి ఏమిటి?

హాజరుకాని ప్రతి యూటీఏకి నెల బేసిక్ పేలో ముప్పయ్యో వంతు పోతుంది. అంటే వారాంతానికి నాలుగు రోజుల జీతం. దాంతోపాటు రిటైర్మెంట్ పాయింట్లు. ఏడాదికి 50 పాయింట్లు రాకపోతే ఆ ఏడాది పెన్షన్‌కి కావలసిన 20 ఏళ్ళ లెక్కలో చేరదు. ఎవరూ ఊహించనిది ఇంకోటుంది: జీతం ఆగినా ఎస్‌జీఎల్ఐ అనే సైనికుల జీవిత బీమా ప్రీమియం ఆగదు. యూనిట్ రికార్డులో పేరున్నన్నాళ్ళూ అది అప్పుగా పేరుకుంటుంది.

బోనస్ తీసుకున్నవాళ్ళు సేవ చేయని కాలానికి దామాషాగా తిరిగి కట్టాలి. ఆరేళ్ళకు 20,000 డాలర్లు ముందే తీసుకుని రెండేళ్ళకే బయటపడితే, సుమారు 13,333 డాలర్లు బాకీ. సెలెక్టెడ్ రిజర్వ్ (నెలనెలా డ్రిల్ చేసే రిజర్వ్) జీఐ బిల్ అనే చదువుల పథకం మీద చదువుకుంటున్నవాళ్ళకు నెలవారీ చెల్లింపు ఆగుతుంది, తీసుకున్నదాంట్లో కొంత తిరిగి అడగొచ్చు. ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్ ఆరోగ్య బీమా సెలెక్టెడ్ రిజర్వ్‌తో ముడిపడింది, అందులోంచి బయటికొస్తే భార్యాపిల్లలకూ పోతుంది. ఓటీహెచ్ అయితే యూసెర్రా కింద పాత ఉద్యోగం అడిగే హక్కూ పోతుంది.

మన కుటుంబాలు ముఖ్యంగా గమనించాల్సింది పౌరసత్వం. సైనిక సేవ ఆధారంగా అమెరికా పౌరసత్వం పొందినవారు మొత్తం ఐదేళ్ళ గౌరవప్రదమైన సేవ పూర్తికాకముందే ఓటీహెచ్‌తో బయటికొస్తే, ఆ పౌరసత్వాన్ని రద్దు చేసే అధికారం చట్టం ఇచ్చింది. 2003 నవంబర్ 24న లేదా ఆ తర్వాత ఇలా పౌరులైనవారికి ఇది వర్తిస్తుంది. మామూలు గ్రీన్‌కార్డు దారిలో పౌరులైనవారికి ఈ నిబంధన లేదు. ఇంకా గ్రీన్‌కార్డు మీదే ఉన్నవారిని ఎన్-400 పౌరసత్వ దరఖాస్తు డిశ్చార్జ్ రకం గురించి అడుగుతుంది. కాబట్టి సర్వీసు ద్వారా పౌరులైనవాళ్ళు ఓటీహెచ్ నోటీసు చూడగానే మిలిటరీ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌నీ కలవాలి.

జైలు సంగతి: ఆర్మీ రిజర్వ్‌లో వారాంతపు డ్రిల్ తప్పడం సాధారణంగా పరిపాలనా చర్యగానే ముగుస్తుంది. ఓటీహెచ్ నేరశిక్ష కాదు. ‘డిజానరబుల్’ డిశ్చార్జ్ వేరు, అది జనరల్ కోర్టు మార్షల్ మాత్రమే విధిస్తుంది. అయితే యాన్యువల్ ట్రైనింగ్, మొబిలైజేషన్ యాక్టివ్ డ్యూటీ ఆర్డర్ల మీద జరుగుతాయి. వాటికి రిపోర్ట్ చేయమన్న తేదీ నుంచే సైనిక నేరస్మృతి వర్తిస్తుంది, వెళ్ళకపోతే ఏవాల్, అంటే అనుమతి లేకుండా గైర్హాజరైన కేసు కావొచ్చు. నేషనల్ గార్డ్‌లో రాష్ట్రాల సొంత సైనిక చట్టాలుంటాయి. కొన్ని చోట్ల డ్రిల్ తప్పినందుకే జరిమానాలకూ రాష్ట్ర కోర్టు మార్షల్‌కూ వీలుంది. మీ రాష్ట్ర చట్టం ఏమంటుందో గార్డ్ లాయర్‌ని అడిగి తెలుసుకోండి.

డిశ్చార్జ్ అయిపోయాక

డిశ్చార్జ్ రకం మార్చమని డీడీ ఫారం 293తో డిశ్చార్జ్ రివ్యూ బోర్డుకు 15 ఏళ్ళలోపు దరఖాస్తు చేయొచ్చు. గడువు దాటితే, లేదా రికార్డులోనే పొరపాటు ఉంటే, డీడీ ఫారం 149 మీద రికార్డుల సవరణ బోర్డుకు వెళ్ళాలి. పొరపాటు తెలిసిన మూడేళ్ళలోపు అడగాలని నియమం, తగిన కారణం ఉంటే మినహాయిస్తారు. బోర్డు చూసేది జాలి కథ కాదు, కాగితం: నోటీసు పాత చిరునామాకు వెళ్ళిందని చూపించే లీజు పత్రం, ఆ నెలల్లో వైద్యం జరిగినట్టు రికార్డు, ఆర్‌ఎస్‌టీ ఆమోదించిన మెయిల్. అందుకే దరఖాస్తు రాయడానికి ముందే మీ పూర్తి సైనిక ఫైలు నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్ నుంచి తెప్పించుకోండి. యూనిట్ ఏ కాగితాల మీద ఆధారపడిందో చూడకుండా రాసిన జవాబు గురి తప్పుతుంది.