పండగకి కారులో ఊరెళ్తున్నారా? దారిలో బండి ఆగిపోతే ఏం చేయాలి

సంక్రాంతికి రెండు మూడు రోజుల ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద పంతంగి టోల్ గేటు దాటడమే ఒక పెద్ద పని. తర్వాత కొర్లపహాడ్, ఆ తర్వాత చిల్లకల్లు. ఈ దారి పొడవునా పక్కకి ఆపేసిన కార్లు కనిపిస్తూనే ఉంటాయి. బానెట్ ఎత్తి ఉంటుంది, ఇంటాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటాడు, పిల్లలు డివైడర్ మీద కూర్చుని చిప్స్ తింటుంటారు. నాకు భయం వేసేది ఆ పిల్లల్ని చూసే. పంక్చర్ కొన్ని వందల రూపాయలతో పోయే వ్యవహారం. వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సులకి రెండడుగుల దూరంలో మనుషులు ఉండటం అలాంటిది కాదు. అందుకని బండి ఎలా బాగుచేసుకోవాలో చెబుతూనే, బండి ఆగాక మనుషులు ఎక్కడ ఉండాలన్నదాని మీద కాస్త ఎక్కువ మాట్లాడతాను.

వారం ముందు చూసుకోవాల్సినవి

సర్వీసింగ్ చేయించాలనుకుంటే బయల్దేరే ముందురోజు వద్దు, పది రోజుల ముందే చేయించండి. మెకానిక్ ఏదైనా వదులుగా వదిలేసి ఉంటే ఊళ్లో తిరిగేటప్పుడే బయటపడుతుంది, సూర్యాపేట దాటాక కాదు.

టైర్లలో ముందు చూడాల్సింది స్టెప్నీ. బంకులో నాలుగు టైర్లకీ గాలి కొట్టించి ఐదోదాన్ని మర్చిపోవడం మనందరికీ అలవాటే. మా బావగారి కారు కోదాడ దగ్గర పంక్చరైతే, డిక్కీలోని సామానంతా రోడ్డు పక్కన దించి, అడుగునున్న స్టెప్నీ తీసి చూస్తే అది అప్పడంలా ఉంది. కొన్నప్పటి నుంచీ దానికి ఎవరూ గాలి కొట్టించలేదట. మీ కారుకి అసలు స్టెప్నీ ఉందో లేదో కూడా ఒకసారి చూడండి. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే సెన్సార్, పంక్చర్ కిట్ ఉన్న కార్లకి స్టెప్నీ ఇవ్వనక్కర్లేదని 2020లో నిబంధన మారింది. మీది అలాంటి కారైతే ఆ కిట్ ఎలా వాడాలో ఇంట్లో ఉండగానే నేర్చుకోండి.

టైర్లలో ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు పక్కనుండే స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. చాలా కార్లలో ఇద్దరు కూర్చుంటే ఒక అంకె, నిండా మనుషులు, సామాను ఉంటే ఇంకో అంకె ఇస్తారు. పండగ ప్రయాణానికి రెండోదే లెక్క. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే ఇంటికి దగ్గర్లోని బంకులో కొట్టించుకోవాలి. టైరు వయసు తెలుసుకోవాలంటే దాని పక్క గోడ మీద నాలుగంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. గీతలు బాగానే కనిపిస్తున్నా, రబ్బరు పగుళ్లిచ్చిన పాత టైరుతో హైవే ఎక్కొద్దు.

పొద్దున పూట సెల్ఫ్ కొడితే ఇంజన్ ఈసురోమంటూ తిరుగుతోందంటే బ్యాటరీ చూపించాల్సిన టైమొచ్చిందని అర్థం. ఇక కాగితాల సంగతి. డిజీలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలోని లైసెన్సు, ఆర్‌సీ చట్టప్రకారం చెల్లుతాయి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ల గడువు తేదీలు ఒకసారి చూసుకుంటే చాలు. ఫాస్టాగ్‌లో డబ్బుందా, కేవైసీ పూర్తయిందా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. ట్యాగ్ పనిచేయకపోతే టోల్ ఎక్కువ కట్టాలి. 2025 నవంబర్ 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు తీసుకుంటున్నారు. డబ్బు మాట ఎలా ఉన్నా, వెనకున్న బండ్లన్నీ హారన్ కొడుతుంటే వచ్చే టెన్షన్ వేరు.

ఒక ఆదివారం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో స్టెప్నీ ఒక్కసారి మార్చి చూడండి. ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరూ మార్చాలి, ఆడవాళ్లూ మగవాళ్లూ అని లేదు. పానా సరిపోతుందా, జాకీ తిరుగుతుందా, తుప్పు పట్టిన నట్లు కదులుతాయా అన్నవి అక్కడే తెలిసిపోతాయి. ఈ వ్యాసంలో ఒక్క పనే చేసే తీరిక ఉందంటే ఇది చేయండి.

డిక్కీ సర్దేటప్పుడు

జాకీ, పానా, రిఫ్లెక్టర్ ట్రయాంగిల్ కారుతో పాటే వస్తాయి. వాటికి తోడు టార్చిలైటు, జంపర్ కేబుల్స్, అరచేతి మందం చెక్క ముక్క, పాత బెడ్‌షీట్, నాలుగైదు లీటర్ల నీళ్లు, ఒక పవర్ బ్యాంకు ఉంచుకోండి. మెరిసే జాకెట్ ఒకటి కొనండి, ఖరీదు తక్కువ, రాత్రిపూట దాని విలువ ఎక్కువ. బీపీ, షుగర్ మందులు డిక్కీలోని సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో ఉండాలి. కొంత నగదు కూడా దగ్గర పెట్టుకోండి. పంక్చర్ షాపాయన దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది కానీ సిగ్నల్ ఉండదు.

వెళ్లేటప్పుడు డిక్కీ కాస్త ఖాళీగానే ఉంటుంది. తిరుగు ప్రయాణంలోనే కథంతా. బియ్యం బస్తా, కొబ్బరికాయలు, అరిసెల డబ్బా, అత్తగారిచ్చిన పచ్చడి జాడీలు, అన్నీ స్టెప్నీ నెత్తి మీదే కూర్చుంటాయి. జాకీ, పానా, ట్రయాంగిల్ మాత్రం ఒక సంచిలో వేసి ముందు సీటు కింద పెట్టేయండి. బండి ఆగిన వెంటనే కావాల్సింది ట్రయాంగిల్. దానికోసం పచ్చళ్లన్నీ దించే పరిస్థితి ఉండకూడదు.

బండి ఆగిన మొదటి ఐదు నిమిషాలు

నడుస్తుండగా టైరు పేలితే గట్టిగా బ్రేకు తొక్కకండి. స్టీరింగ్ రెండు చేతులతో బిగించి పట్టుకుని, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, బండి దానంతటదే నెమ్మదించాక ఎడమ వైపుకి తీయండి. గాలి పోతున్నట్టు అనిపిస్తే ఉన్నచోటే ఆగిపోవాలని లేదు. మలుపులో, ఫ్లైఓవర్ మీద, వంతెన మీద ఆగడం కన్నా మెల్లగా బంకు వరకో ధాబా వరకో సర్వీస్ రోడ్డు వరకో వెళ్లడం మేలు. టైరు పాడైపోవచ్చు. పోతే పోనీయండి.

ఆగక తప్పకపోతే రోడ్డు మార్జిన్‌లో వీలైనంత ఎడమకి ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేయండి. తర్వాత అందరూ ఎడమ తలుపుల్లోంచే దిగాలి. పిల్లలు, పెద్దవాళ్లు రోడ్డు పక్క ఇనుప కమ్మీ దాటి అవతల నిలబడాలి. కమ్మీ లేకపోతే చేలో దిగినా ఫర్వాలేదు. డివైడర్ మీదకి ఎవరూ వెళ్లొద్దు. ఏసీ ఉంది కదా అని కారులో కూర్చోవడం కూడా వద్దు. కారు ముందు, వెనక నిలబడటమూ వద్దు, ఎవరైనా గుద్దితే కారు ముందుకే దూకుతుంది.

మనుషులు పక్కకి వెళ్లాకే ట్రయాంగిల్. మామూలు రోడ్డు మీద కారుకి యాభై మీటర్లు వెనక, హైవే మీద అంతకన్నా ఎక్కువ దూరంలో పెట్టాలి. పెట్టడానికి వెళ్లేవాళ్లు మార్జిన్ చివరన, వచ్చే బండ్లకి ఎదురుగా చూస్తూ నడవాలి. కారుకి నాలుగడుగుల వెనక పెడితే వచ్చే డ్రైవర్‌కి కారూ ట్రయాంగిలూ ఒకేసారి కనిపిస్తాయి, ఇక పెట్టిన ప్రయోజనమేంటి? రాళ్లు, చెట్టు కొమ్మలు అడ్డం పెట్టే అలవాటు మాత్రం మానేయాలి. బండి వెళ్లిపోతుంది, రాయి అక్కడే ఉండిపోతుంది. రాత్రి వచ్చే బైకువాడికి అది కనిపించదు.

సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున పొగమంచు దట్టంగా ఉంటుంది. దారి కనిపించకపోతే మార్జిన్‌లో ఆపి ఎదురుచూడొద్దు, మెల్లగా బంకులోకి వెళ్లిపోండి. లైట్లు డిమ్‌లో ఉండాలి. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడిపితే మీరు నడుస్తున్నారో ఆగారో వెనకవాళ్లకి అర్థం కాదు.

స్టెప్నీ మార్చడం

ఆగిన చోటు గట్టి నేల అయ్యుండి, ట్రాఫిక్‌కి దూరంగా ఉంటేనే సొంతంగా మార్చండి. పంక్చరైంది కుడివైపు టైరు, మీ వీపుకి లారీలు రాసుకుంటూ పోతున్నాయి అంటే పానా ముట్టుకోకుండా ఫోన్ చేయండి.

1. హ్యాండ్ బ్రేక్ లాగి, గేరులో పెట్టండి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టండి. పంక్చరైన టైరుకి ఐమూలగా ఉన్న చక్రానికి రెండు వైపులా రాళ్లు పెట్టండి. పని కాగానే తీసేయడం మీ బాధ్యత.
2. టైరు నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి. కారు పైకి లేపాక లాగితే చక్రం తిరుగుతుంది, కారు జాకీ మీద నుంచి జారుతుంది.
3. జాకీ పెట్టే చోటు కారు అడుగు అంచున గుర్తు చేసి ఉంటుంది. నేల మెత్తగా ఉంటే కింద చెక్క ముక్క వేయండి.
4. టైరు నేలకి రెండంగుళాలు లేస్తే చాలు. నట్లు తీసి టోపీలోనో డబ్బా మూతలోనో వేసుకోండి. తీసిన టైరుని కారు కిందకి తోసి ఉంచితే, జాకీ జారినా కారు దాని మీదే ఆగుతుంది. కారు కింద చెయ్యి, కాలు పెట్టొద్దు.
5. స్టెప్నీ ఎక్కించి, నట్లు చేత్తో బిగించండి. కారు దించే ముందు కింద పెట్టిన టైరు తీసేయండి. కారు దించాక పానాతో ఒకదాని తర్వాత పక్కది కాకుండా, ఎదురెదురుగా ఉన్నవి బిగిస్తూ రండి.

స్టెప్నీ మామూలు టైరు కన్నా సన్నగా ఉంటే దాని మీద వేగపరిమితి రాసి ఉంటుంది, చాలావాటికి గంటకి 80 కిలోమీటర్లు. దాంతోనే రాజమండ్రి దాకా లాగించకుండా తర్వాతి పంక్చర్ షాపులో అసలు టైరు బాగుచేయించుకోండి. కాసేపు నడిపాక నట్లు మళ్లీ ఒకసారి బిగించి చూడండి.

మిగతా మామూలు చిక్కులు

సెల్ఫ్ కొట్టకపోతే జంపర్ కేబుల్స్‌తో వేరే కారు సాయం తీసుకోవచ్చు. ఎర్ర తీగ ముందు మీ బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత అవతలి కారు ప్లస్‌కి. నల్ల తీగ అవతలి కారు మైనస్‌కి, చివరి కొస మీ ఇంజన్‌లో రంగు వేయని ఇనుప భాగానికి. తోసి స్టార్ట్ చేయడం గేర్లు మార్చే కార్లకే, ఆటోమేటిక్‌కి పనికిరాదు.

ఇంజన్ వేడి చూపించే ముల్లు పైకి పోతుంటే బండి ఆపి, ఇంజన్ కట్టేయండి. రేడియేటర్ మూత వెంటనే తిప్పితే మరిగే నీళ్లు మొహం మీదకి ఎగజిమ్ముతాయి. అరగంటకి పైగా ఆగి, బాగా చల్లారాకే తీయాలి.

వానాకాలం ప్రయాణమైతే ఇంకో మాట. 2023 జులైలో, 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో ఇదే హైవే మీదకి నీళ్లొచ్చాయి, రాకపోకలు ఆగిపోయాయి. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. లోపలికి నీళ్లు వెళ్లి ఉంటే ఆ ఒక్క సెల్ఫ్‌తో ఇంజన్ మొత్తం పోతుంది, ఇన్సూరెన్స్ వాళ్లు కూడా డబ్బివ్వడానికి పేచీ పెడతారు.

శ్రీశైలం వెళ్లేవాళ్లు మన్ననూరు దగ్గర అటవీశాఖ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుందని గుర్తుంచుకోండి. నల్లమలలో చాలాచోట్ల సిగ్నల్ అందదు కాబట్టి ఆ దారి మ్యాప్ ముందే ఫోన్‌లోకి దించుకుని, చీకటి పడేలోపే అడవి దాటేలా బయల్దేరండి.

ఎవరికి ఫోన్ చేయాలి

జాతీయ రహదారి మీద ఎక్కడ ఆగినా 1033. ఇది హైవే సంస్థ 24 గంటల నంబరు, పెట్రోలింగ్ బండి, క్రేన్, అంబులెన్స్ పంపుతారు. దెబ్బలు తగిలితే 108, పోలీసులతో సహా దేనికైనా 112. మీరెక్కడున్నారని అడుగుతారు. "సూర్యాపేట దాటాక ఎక్కడో" అంటే వాళ్లు వెతుక్కోలేరు. రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీది అంకె చదవండి, ఏ ఊరి వైపు వెళ్లే రోడ్డులో ఉన్నారో చెప్పండి, వాట్సాప్‌లో లొకేషన్ పంపండి.

ఇన్సూరెన్స్‌తో పాటు రోడ్ సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే, ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితంగా లాక్కెళ్తారో ఇంట్లోనే చదివి, ఆ నంబరు ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. పండగ రోజుల్లో వాళ్లు చెప్పే "అరగంట" మీద నాకైతే పెద్దగా నమ్మకం లేదు. దగ్గర్లోని ధాబావాళ్లని అడిగితే మెకానిక్ అంతకన్నా ముందే దొరుకుతాడు.

ఎదుటివాళ్లకి ప్రమాదం జరగడం చూస్తే ఆగి 108కి ఫోన్ చేయండి. సాయం చేసినవాళ్లు పేరు, చిరునామా చెప్పి తీరాలని లేదు, కేసుల్లో ఇరికించకూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ ఈ రక్షణ ఇస్తోంది. గాయపడినవాళ్లకి 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స అందుతుంది. ఆస్పత్రిలో అడ్వాన్స్ అడిగితే ఈ పథకం పేరెత్తి అడగండి.

మీ కారుకే దెబ్బ తగిలితే, మనుషులు క్షేమంగా పక్కకి చేరాక, కారు కదిలించేలోపు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, రిపేరుకి ఇవ్వకముందే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. క్రేన్‌కి, మెకానిక్‌కి ఇచ్చిన డబ్బుకి చిన్న కాగితం ముక్క మీదైనా బిల్లు రాయించుకోండి.